మూడు పనులు మేం చెయ్యం: ఒంగోలు పల్లెల్లో భయభక్తుల కథ

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, దేవుణ్ణి ప్రేమించమంటే అర్థమవుతుంది. భయపడమంటేనే అర్థం కాదు. భయపడి మాట వింటే దాన్ని భక్తి అని ఎలా అంటారు?" రిప్లైలో రెండు లైన్లు టైప్ చేసి డిలీట్ చేశాను. రెండు లైన్లలో తేలేది కాదు. నేను పాస్టర్‌ని కాదు, థియాలజీ చదవలేదు, బీటెక్ చేసి కొన్నేళ్ళు కోడ్ రాసినవాణ్ణి. నాకు తెలిసిన దారి ఒకటే. హిస్టరీలోకి వెళ్ళి, ఆ మాటని నిజంగా బతికి చూపించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని వెతకడం. ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లోనే దొరికారు.

కథకి ముందు మాట సంగతి ఒక నిమిషం. తెలుగు బైబిల్లో "భయభక్తులు" అనే జంట మాట పదే పదే వస్తుంది. మా నాయనమ్మ ప్రార్థనలో కూడా వచ్చేది. చిన్నప్పుడు నేను అది ఒకటే పదం అనుకునేవాణ్ణి, విడగొట్టి చూడాలని తోచలేదు. పాత నిబంధన హీబ్రూలో దీనికి వాడే మాట "యిరా". భయం, విస్మయం, గౌరవం మూడూ అందులోనే ఉన్నాయి. మన తెలుగులో ఒక్క పదం సరిపోక రెండు కలిపారేమో అనిపిస్తుంది నాకు. ఇక విధేయత. హీబ్రూలో "షమా" అంటే వినడం. లోబడడానికి కూడా అదే మాట. తెలుగులో మాత్రం వేరేనా? "మావాడు మాట వినడు" అని అమ్మ అంటే, వాడికి చెవుడు అని కాదు కదా.

అంటే ఎవరి మాట వింటావు, ఎవరి మాట కాదంటే నీకు వణుకు పుడుతుంది అన్నదే ప్రశ్న.

నా సంగతి చెప్తా. ఉద్యోగం చేసే రోజుల్లో ఒక శనివారం రాత్రి పదకొండింటికి మెసేజ్ వచ్చింది, రేపు ప్రొద్దున డిప్లాయ్‌మెంట్, అందరూ ఆన్‌లైన్‌లో ఉండాలని. ఆ ఆదివారం మా ఇంట్లో అందరూ చర్చికి వెళ్తున్నారు, నాయనమ్మ ఊరి నుంచి వచ్చింది, నేను తీసుకెళ్తానని మాటిచ్చాను. "ఓకే సార్" అని టైప్ చెయ్యడానికి నాకు రెండు సెకన్లు పట్టింది. కాదంటే ఏమయ్యేది? ఉద్యోగం పోయేది కాదు. రేటింగ్‌లో కాస్త తగ్గేదేమో. ఆ కాస్తకే నేను తలూపాను. ఇది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే మనుషులు ఇదే ఆదివారం గురించి "రాం" అన్నారు, వాళ్ళకి పోయేది రేటింగ్ కాదు, ఆ పూట గంజి.

సరే, స్క్రీన్ మీద మ్యాప్ చూడండి. ఇది నెల్లూరు, ఇది ఒంగోలు. 1840లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు నెల్లూరులో మిషన్ మొదలుపెట్టాడు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. అమెరికాలో బోర్డు మీటింగుల్లో దీన్ని మూసేద్దామని ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. మన భాషలో చెప్పాలంటే యూజర్లు లేని ప్రాడక్ట్, సర్వర్ బిల్లు దండగ. 1853లో మ్యాప్ మీద నెల్లూరుని ఒంటరి నక్షత్రం అని ఎవరో అన్నారట, ఆ పేరు మీద ఒక పాట పుట్టింది, మిషన్ బతికింది. 1854 జనవరి 1న లైమన్ జ్యూవెట్ దంపతులు కొద్దిమందితో కలిసి ఒంగోలు కొండెక్కి, ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ప్రార్థన చేశారు. ఆ కొండని ఇప్పటికీ ప్రేయర్ మీటింగ్ హిల్ అనే అంటారు. తర్వాత జ్యూవెట్ జబ్బుపడి అమెరికా వెళ్ళి, మళ్ళీ తెలుగుదేశానికే పోతానని మొండికేస్తే, బోర్డులో ఒకాయన, అయితే నిన్ను పాతిపెట్టడానికైనా తోడు ఇంకొకర్ని పంపాలి అన్నాడట. ఆ పంపిన మనిషే జాన్ ఎవరెట్ క్లఫ్.

క్లఫ్ 1836లో పుట్టాడు. 1866లో ఒంగోలు వచ్చేసరికి ముప్ఫయ్యేళ్ళు. నాకు బాగా నచ్చిన విషయం ఏంటంటే, ఆయన ముందు సర్వేయరు. అమెరికాలో గొలుసు పట్టుకుని భూమి కొలిచే పని చేసి, తర్వాత ఇటు తిరిగినవాడు. ఈ సర్వే చదువు తర్వాత ఎక్కడ పనికొస్తుందో చూస్తారు.

కానీ ఈ కథకి హీరో క్లఫ్ కాదు, నా లెక్కలో. అసలు మనిషి యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకి పడమరగా 40 మైళ్ళ దూరంలో ఒక పల్లె ఆయనది. కులం మాదిగ. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగేవాడు. క్రైస్తవుడు కాకముందే ఆయనకి ఆధ్యాత్మిక జీవితం ఉంది. గురువు దగ్గర యోగం నేర్చుకున్నాడు, శిష్యులు కూడా ఉండేవారు. ఊరు అంటరానివాడు అన్న మనిషి ఇంటి చీకట్లో కూర్చుని దేవుడెవరని వెతుకుతున్నాడన్నమాట. ఏలూరు వైపు వ్యాపారానికి పోయినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. తిరిగొచ్చి తనవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు. క్లఫ్ ఆ పల్లెకి వెళ్ళేటప్పటికే అక్కడ నేల దున్ని ఉంది. 1867 జనవరిలో ఆ ఊరి దగ్గర చింతతోపులో ఐదు రోజులు మకాం వేశారు. చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం బియ్యం మూటలు, మార్చుకునే బట్టలు చుట్టుకుని వచ్చారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ సంవత్సరం మొదటి రోజున ఒంగోలు సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మంది. అంటే ఒక చింతతోపులో అది నాలుగు రెట్లు దాటింది.

ఇక్కడ ఒంగోలు బంగళాలో ఒక గొడవ వచ్చింది. క్లఫ్ స్కూలుకి పెద్ద కులాల పిల్లలు వచ్చేవాళ్ళు, వాళ్ళ పెద్దల్లో కొందరు క్రైస్తవం మీద ఆసక్తిగానే ఉండేవాళ్ళు. మాదిగలు వచ్చి చేరేసరికి వాళ్ళు సూటిగా చెప్పేశారు: వీళ్ళుంటే మేం రాం. క్లఫ్ తన ఆత్మకథలో దీన్ని దాచలేదు. ఆయనకి బ్రాహ్మణులు కావాలి. వాళ్ళు వస్తే ఊరంతా వెనకే వస్తుందని ఆశ. ఏం చెయ్యాలో తోచక ఒక గదిలో ఆయన, ఇంకో గదిలో భార్య హ్యారియెట్ విడివిడిగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే భాగం కనపడిందని చెప్పుకున్నాడు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి ఉత్తరం, మొదటి అధ్యాయం, గొప్పవాళ్ళని కాదని లోకం తక్కువగా చూసేవాళ్ళని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే చోటు. అది దైవసంకేతమో కాకతాళీయమో మీ ఇష్టం. నాకు ముఖ్యం అనిపించింది వేరే. ఆయన తన ప్లాన్‌ని పక్కనపెట్టాడు. స్కూల్లో పెద్ద కులాల పిల్లలు మానేశారు. మాదిగలు ఉన్నారు.

ఇప్పుడు టైటిల్‌లో చెప్పిన మూడు పనుల దగ్గరికి వద్దాం. కొత్తగా చేరినవాళ్ళలో ఎక్కువమందికి చదవడం రాదు. పుస్తకం చేతికిచ్చి అధ్యాయాలు చదువుకోమంటే కుదరదు. అందుకని వాళ్ళకి నోటికి వచ్చేలా మూడు నియమాలు. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకి మొక్కకూడదు. అంతే. వినడానికి సండేస్కూల్ పాఠంలా ఉంది కదా? ఒక్కొక్కటి విప్పి చూస్తే అప్పుడు తెలుస్తుంది లోపల ఏముందో.

ఆదివారం తీసుకోండి. 1867లో పల్లెటూళ్ళో వీకెండ్ అనేది లేదు. మాదిగ కుటుంబం రైతుకి కట్టుబడి ఉంటుంది. చెప్పులు కుట్టాలి, బావి మోటకి తోలుబాన చెయ్యాలి, మోకులు పేనాలి, కోతకి పోవాలి, కరణమో మునసబో కబురంపితే వెట్టికి పరిగెత్తాలి. బదులుగా కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు మేర వస్తుంది. మన భాషలో ఆ కుటుంబం పుట్టినప్పటినుంచి చచ్చేదాకా ఆన్‌కాల్‌లో ఉన్నట్టు. అలాంటి మనిషి ఒకరోజు, "వారంలో ఈ ఒక్కరోజు నన్ను పిలవద్దు, మిగిలిన ఆరు రోజులు వస్తా" అంటే? రైతుకి అది మతం మాటలా వినపడదు. నా మాటకి పైన ఇంకొకడి మాట ఉంది అంటున్నాడు వీడు, అని వినపడుతుంది. నిజంగా అదే అంటున్నాడు కూడా. కోతల రోజుల్లో గొడవ ఇంకా ముదిరేది. ఆదివారం రానివాడు సోమవారం కూడా రానక్కర్లేదు పొమ్మనేవాళ్ళు.

రెండోది. ఊళ్ళో ఎద్దు చస్తే మాదిగపల్లెకి కబురొస్తుంది. ఈడ్చుకుపోవాలి, తోలు తియ్యాలి, పదును చెయ్యాలి. మాంసం వాళ్ళకి. అది ఎవరో దయతో ఇచ్చింది కాదు, కూలిలో ఒక భాగం. ఎండాకాలంలో పనుల్లేని నెలల్లో అదే కడుపు నింపేది. ఆ ముద్దని చూపించే మిగతా ఊరు వాళ్ళని దూరం పెట్టేది. తిండి పెట్టకుండా, దొరికింది తింటే తిన్నావని అసహ్యించుకోవడం. చచ్చిన పశువుని తినకూడదన్న నియమం పాత నిబంధనలో ఉంది, లేవీయకాండంలో, ద్వితీయోపదేశకాండంలో. పేరయ్య లాంటి బోధకులు దాన్ని పల్లెలో చెప్తుంటే విన్నవాళ్ళకి అది ఆహార నియమం ఒక్కటే కాదు. ఆకలేసినా సరే, ఇకమీదట ఆ కూలి మాకొద్దు అనడం. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. సరిగ్గా 60 ఏళ్ళ తర్వాత, 1927లో మహారాష్ట్రలోని మహాడ్‌లో అంబేద్కర్ తనవాళ్ళకి ఇదే చెప్పాడు, చచ్చిన పశువు మాంసం మానెయ్యమని. ఆయన దారి వేరు, కారణాలు వేరు. కానీ ఆ ముద్దలో ఏముందో ఇద్దరికీ తెలుసు.

మూడోదే అన్నింటికంటే ప్రమాదకరమైంది. విగ్రహాలకి మొక్కకపోతే ఊరికేం నష్టం అనుకుంటాం. పోలేరమ్మ జాతర అంటే డప్పు ఉండాలి. డప్పు కొట్టేది మాదిగలు. వాళ్ళు రాకపోతే జాతర నడవదు. జాతర నడవకపోతే అమ్మవారికి కోపం వస్తుంది, మశూచి వస్తుంది, కలరా వస్తుంది, పశువులు చస్తాయి, ఇది ఊరి నమ్మకం. టీకాలు పల్లెలకి సరిగా చేరని కాలం. పసిపిల్లలు రాలిపోయే కాలం. ఊరివాళ్ళ వైపు నుంచి చూస్తే, నలుగురు మాదిగలు డప్పు కిందపెట్టడమంటే మా పిల్లల ప్రాణాలతో ఆడుకోవడమే. వాళ్ళ కోపాన్ని నేను సమర్థించను, కానీ ఆ కోపం వెనక నిజమైన భయం ఉంది. ఆ భయం క్రైస్తవులైనవాళ్ళలో కూడా ఉంది. నిన్నటిదాకా వాళ్ళూ అదే అమ్మవారికి వణికినవాళ్ళే కదా. డప్పు పక్కనపెట్టిన ఆ రాత్రి ఇంట్లో పిల్లాడికి జ్వరం వస్తే, ఆ తల్లికి ఎలా ఉండి ఉంటుంది? నేను దీన్ని చాలాసేపు ఆలోచించాను. దేవుడంటే భయం అన్న మాట నాకు మొదటిసారి కాస్త అర్థమైంది అక్కడే. పాత భయాన్ని తియ్యాలంటే దానికంటే పెద్దది ఏదో ఆ చోట్లో ఉండాలి.

ఫలితం ఊహించుకోవచ్చు. పనులు ఆపేశారు. మేర ఆపేశారు. వీధిలో నడవద్దన్నారు, అంగట్లో సరుకులు ఇవ్వద్దన్నారు, నీళ్ళ దగ్గరికి రానివ్వలేదు, పశువుల్ని మేపుకోనివ్వలేదు. దొంగ కేసులు పెట్టారు, కొట్టారు. ఇవన్నీ క్లఫ్ ఆత్మకథలో ఉన్నాయి. కొన్నిచోట్ల వెనక్కి తగ్గినవాళ్ళూ ఉన్నారు, అది మానవ సహజం. ఎక్కువచోట్ల మాత్రం కొన్నాళ్ళకి రైతులే దిగొచ్చారు. ఎందుకంటే చెప్పులు ఎవరు కుడతారు? బాన ఎవరు చేస్తారు? ఊళ్ళో పని అంతా నడిచేది వీళ్ళ చేతులమీద. ఆ సంగతి రైతుకి ఎప్పుడూ తెలుసు. మాదిగపల్లెకి అప్పుడే తెలిసింది.

ఇక్కడ ఆగి మీలో కొందరి మనసులో ఉన్న ప్రశ్న నేనే అడుగుతా. "ఇదంతా సరే బ్రో, కరువులో తిండి కోసం మారారు కదా అందరూ?" ఈ మాట నేను చాలాసార్లు విన్నాను, వాట్సాప్‌లోనూ విన్నాను. లెక్క చూద్దాం. 1876లో వానలు పోయాయి. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన కరువు మన చరిత్రలో అతి ఘోరమైన వాటిలో ఒకటి. లక్షలకు లక్షల మంది పోయారు. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి, సహాయ పనుల్లో కూలీకి రోజుకి ఒక పౌండు ధాన్యం చాలన్నాడు. అంటే దాదాపు 450 గ్రాములు. రోజంతా మట్టి తవ్వే మనిషికి. డాక్టర్లు గోల చేశాక గానీ అది పెంచలేదు.

అప్పుడు బయటికొచ్చింది క్లఫ్‌లోని సర్వేయరు. ప్రభుత్వం బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. తీరం వెంబడి పడవలు నడిచే ఉప్పునీటి కాలువ, మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు పేరు పెట్టారు. అందులో మూడున్నర మైళ్ళ ముక్కకి క్లఫ్ కాంట్రాక్టు తీసుకున్నాడు. మిషనరీ అన్నాయన టేపు పట్టుకుని కొలతలు తీశాడు, క్యాంపు వేయించాడు, బావులు తవ్వించాడు, పాకలు కట్టించాడు. రోజుకి వేలమంది కూలీలు. మేస్త్రీలు ఎవరంటే ఆయన బోధకులే, ఒక్కొక్కరి కింద వంద మంది దాకా. ఏ కులం వాళ్ళొచ్చినా పని ఇచ్చాడు. కూలీలు అలిసి కూర్చున్నప్పుడు బోధకులు ఎక్కువగా ఒకే వాక్యం చెప్పేవాళ్ళట, బరువులు మోసి అలసిపోయినవాళ్ళని యేసు తన దగ్గరికి పిలిచే వాక్యం. నెత్తిన మట్టితట్ట దించి కూర్చున్నవాడికి దానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఇప్పుడు వినండి. వేలమంది మాకు బాప్తిస్మం ఇవ్వండి అని అడుగుతున్నారు. క్లఫ్ ఇవ్వలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, 15 నెలలు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. సహాయం డబ్బు తన చేతులమీదుగా వెళ్తున్నంతకాలం, ఎవరు దేవుడి కోసం వస్తున్నారో ఎవరు అన్నం కోసం వస్తున్నారో తేలదు కాబట్టి. నంబర్లు చూపిస్తే అమెరికాలో చప్పట్లు కొట్టే రోజుల్లో, నంబర్లు పెరగకుండా గేటు మూసి కూర్చున్నాడు. నాకు తెలిసిన ఏ స్టార్టప్ ఫౌండరూ ఈ పని చెయ్యడు.

1878 జూన్‌లో సహాయం పని ముగింపుకొచ్చింది. ఒంగోలులో మశూచి ఉందనో, జనం గుంపు ఎక్కువవుతుందనో, కారణం ఏదైనా, జనాన్ని ఊళ్ళోకి రానివ్వకుండా పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలవమన్నారు. వచ్చినవాళ్ళకి ముందే చెప్పారు, ఇక డబ్బు లేదు, సాయం లేదు, ఇళ్ళకి పోండి అని. వాళ్ళు పోలేదు. మాకు డబ్బు వద్దు, మేం పని చేసుకునే బతుకుతాం అని చేతులకి కాసిన బొబ్బలు చూపించారట. వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం అన్నారట.

జూలై 2న 614 మంది. జూలై 3న 2,222 మంది. జూలై 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ 2,222 నంబరు ప్రపంచమంతా పాకింది. అపొస్తలుల కార్యాల్లో పెంతెకొస్తు రోజున మూడు వేలమంది చేరారని ఉంటుంది కదా, దానితో పోల్చారు. కానీ అందరూ వదిలేసే వివరం ఒకటుంది. ఆ రోజు క్లఫ్ నదిలోకి దిగలేదు. ఒక్కరికీ ఆయన బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున మార్చుకుంటూ, పొద్దున్నుంచి మధ్యలో ఎండవేళ ఆపి మళ్ళీ సాయంత్రం దాకా ఇచ్చారు. పేర్లు, ఊళ్ళు ముందే రాసి పెట్టుకున్న పట్టికలు చూసి.

ఇప్పుడు ఆ వాట్సాప్ ప్రశ్నకి వద్దాం. కరువుతో సంబంధం లేదా? ఉంది, లేదంటే అబద్ధం. కాలువ పని దగ్గరే చాలామందికి బోధకులతో పరిచయమైంది, ఆకలిలో ఎవరు చెయ్యి అందించారో జనం గుర్తుపెట్టుకుంటారు. కానీ కరువుకి ముందే ఆ సంఘంలో మూడు వేల మందికి పైగా ఉన్నారు. వాళ్ళు అప్పటికి పదేళ్ళుగా ఆదివారం పేరు మీద, డప్పు పేరు మీద మేర పోగొట్టుకుంటున్నారు. వాళ్ళ విషయంలో మతం తిండి పెట్టలేదు, ఉన్న తిండిని తీసింది. "కూటి కోసం" అన్న ఒక్క మాటలో ఈ పదేళ్ళు పట్టవు.

ఇంకో ప్రశ్న ఉంది, ఇది నాకు ఇంకా కష్టమైంది. కరణం మాట వినడం మానేసి దొర మాట వినడం మొదలుపెట్టారు, అంతేగా? విధేయత అలాగే ఉంది, యజమాని మారాడు, అంతే. ఇందులో కొంత నిజం ఉంది. పెద్ద నిర్ణయాల్లో క్లఫ్ మాటే చివరి మాట. పైగా ఈ కథంతా మనకి వస్తున్నది దొరల పుస్తకాల్లోంచి. ఆయన ఆత్మకథని ఆయన పోయాక, 1914లో, రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ వెలువరించింది. అంతకుముందు 1899లో ఆవిడే మాదిగ పెద్దల నోటి కథలు సేకరించి, చెప్పులు కుట్టడాన్ని పేరులో పెట్టి ఒక పుస్తకం వేసింది. పేరయ్య గురువు సంగతి, యోగం సంగతి మనకి తెలిసింది అలాగే. పేరయ్య తనే రాసుకుని ఉంటే కథ ఎలా ఉండేదో.

అయినా ఒకటి గమనించాను. పల్లెల్లో కులపెద్దల పద్ధతిని క్లఫ్ తీసెయ్యలేదు. తగువులు తీర్చే పెద్దలే సంఘ పెద్దలయ్యారు. బోధకుడికి పల్లె అన్నం పెట్టింది, గురువుకి పెట్టినట్టు. తోటి మిషనరీల్లో కొందరికి ఇది నచ్చలేదు, ఇంతమందిని ఇంత తొందరగా చేర్చుకోవడమూ నచ్చలేదు. సంఘం కొన్నేళ్ళకే 20 వేలు దాటింది, అప్పట్లో ప్రపంచంలోనే అతిపెద్ద బాప్టిస్టు సంఘం అనేవాళ్ళు. అంత జనాన్ని ఒక తెల్లాయన బంగళాలోంచి అదుపులో పెట్టగలడా? రైతు ముందు నిలబడి "రేపు ఆదివారం, రాను" అన్నప్పుడు క్లఫ్ 40 మైళ్ళ దూరంలో ఉన్నాడు. ఆ మాట అనాల్సింది ఆ మనిషే, దెబ్బలు తినాల్సింది కూడా ఆ మనిషే.

డప్పు విషయంలో మాత్రం నా మనసు ఇంకా రెండుగానే ఉంది. వెట్టిలో భాగంగా కొట్టాల్సిన డప్పుని కింద పెట్టడం అప్పటికి సరైన పనే అనుకుంటా. కానీ ఒక తరం దానితోపాటు, ఆ చర్మం మీద తాతలు పలికించిన దరువుల్ని కూడా సిగ్గుపడాల్సినవిగా చూసింది. మా బంధువుల్లో ఒక పెద్దాయన డప్పు శబ్దం వినపడితే కిటికీ మూసేవాడు. చిన్నప్పుడు ఎందుకో తెలిసేది కాదు. దేవుడికి లోబడడంలో ఏది దేవుడిది, ఏది నేర్పినవాళ్ళ అభిరుచి అనే గీత ఆ రోజుల్లో ఎవరూ సరిగా గీసుకోలేదు.

1994లో ఇదే ప్రకాశం జిల్లాలో, ఈదుముడి అనే ఊళ్ళో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. వాళ్ళ ఉద్యమానికి పేరు దండోరా. అంటే డప్పు కొట్టి చెప్పడం. ఈసారి కబురు కరణంది కాదు, వాళ్ళదే. తాతలు కింద పెట్టింది మనవలు భుజానికి వేసుకున్నారు. ఆ తాతల్లో, ఈ మనవల్లో చాలామంది ఆదివారం కూర్చునేది చర్చిలోనే.

తమ్ముడూ, నువ్వడిగిన ప్రశ్నకి ఇది సూటి జవాబు కాకపోవచ్చు. నాకు దొరికింది ఇంతే. మీ ఇంట్లో ఎవరికైనా గుండ్లకమ్మ బాప్తిస్మాల గురించి, ఆదివారం పని మానేసి దెబ్బలు తిన్న ముత్తాతల గురించి తెలిసి ఉంటే, ఈ రాత్రే ఫోన్ తీసి వాళ్ళ గొంతు రికార్డ్ చెయ్యండి. వాయిస్ నోట్ చాలు, ఎడిటింగ్ అక్కర్లేదు. ఊరి పేరు, వాళ్ళ నాన్న పేరు తప్పకుండా చెప్పించండి. వచ్చే ఎపిసోడ్‌లో బకింగ్‌హామ్ కాలువ మీదకి వెళ్దాం, ఆ మూడున్నర మైళ్ళ ముక్క దగ్గర కెమెరా పెట్టి మాట్లాడతా. ఉంటాను.